అండమాను సముద్రమున మునక: మితవ్యయ యాత్రాపాఠము

ధవళేశ్వరమున పుట్టిపెరిగిన పిల్లలకు నీరు క్రొత్త వస్తువు కాదు. గట్టునుండి కాలువలోనికి దుమికి, ఊపిరి బిగబట్టి, అడుగున నున్న యిసుకను గుప్పిట పట్టి పైకి తెచ్చి చూపుట మన బాలుర కెల్లరకు తెలిసిన పందెమే. అట్టివారు, వీపున గాలిసిలిండరు కట్టుకొని సముద్రగర్భమున ముప్పావుగంట తిరిగి పగడపు దిబ్బలను చూచి రావచ్చునని వినినతోడనే ఉవ్విళ్లూరుట సహజము. ఈ క్రీడకు స్కూబా మునక యని పేరు. దానిని స్వల్పవ్యయమున, క్షేమముగ నెట్లు నెరవేర్చుకొనవచ్చునో తెలుపుటయే యీ పాఠముయొక్క యుద్దేశము. తలిదండ్రులును దీనిని చదివి తమ పిల్లలతో చర్చింపవలెనని కోరుచున్నాము. ఇందు నేర్వవలసిన ముఖ్యవిషయ మొక్కటియే: రూపాయలు పొదుపు చేయుటకు చోటులు పెక్కులున్నవి, ఊపిరి పొదుపు చేయుటకు మాత్రము చోటు లేదు.

1. ఎచ్చటికి పోవలెను?

మునక విహారమనగానే పాశ్చాత్యులకు కరీబియను సముద్రము తలపునకు వచ్చును. అందలి బొనేరు ద్వీపము దీనికి మిక్కిలి పేరుపొందినది. ఆ ద్వీపముచుట్టును గల సముద్రము 1979వ సంవత్సరమునుండి రక్షితవనముగ నున్నది. అచ్చట బాటప్రక్కన పసుపురంగు పూసిన రాళ్లు కానవచ్చును. ఒక్కొక్క రాయి యొక్కొక్క మునకస్థలమునకు గుర్తు. యాత్రికుడు బండి నాపి, సిలిండరు కట్టుకొని, తీరమునుండి నడచియే నీటిలోనికి దిగును. పడవకూలి లేకుండుటచే వ్యయము తగ్గును. మన మీ ద్వీపమునుండి గ్రహింపవలసిన నీతి యిదియే: తీరమునకు దగ్గరగ పగడము లున్నచోట మునక చౌక.

అయినను మన ప్రాంతమునుండి కరీబియను ద్వీపములకు పోవలెనన్న భూగోళములో సగభాగము చుట్టవలెను. విమానపు రుసుమే మూలధనమును మ్రింగివేయును. కావున ఆ నీతిని గైకొని, ద్వీపమును మాత్రము మన చేరువనే వెదకుకొనుట మేలు. బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డున అండమాను దీవులున్నవి. విశాఖపట్టణమునుండి ఆ దీవుల ముఖ్యపట్టణమునకు సముద్రమార్గమున సుమారు 1200 కిలోమీటరులు.

మన తీరముననే పగడములు లేవా యని విద్యార్థు లడుగవచ్చును. పగడమనునది రాయి కాదు, చెట్టు కాదు; లెక్కకు మించిన చిన్నజీవులు సున్నముతో కట్టుకొనిన యిల్లు. ఆ జీవుల దేహములలో కంటికి కానరాని పాచిజాతి మొక్కలు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము వండి వానికి పెట్టును. కావున పగడమునకు వెచ్చని, ఉప్పని, తేటనీరు కావలెను. మన గోదావరి యన్ననో వరదకాలమున ఎఱ్ఱని యొండ్రును, మంచినీటిని సముద్రమున కుమ్మరించును. ఏ యొండ్రు మన కోనసీమకు వరియు కొబ్బరియు నిచ్చినదో, ఆ యొండ్రే అంతర్వేది మొదలు కాకినాడవరకును గల తీరమున పగడమునకు వెలుతురు దక్కనీయదు. అండమానులలో అట్టి మహానది లేదు. అందుచే అచ్చటి నీరు తేట.

అచ్చటికి పోవు తెలుగువారికి పరదేశభయ మక్కరలేదు. 2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో ఆ దీవులవాసులలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి వలసపోయిన కుటుంబములు పెక్కు లచ్చట స్థిరపడినవి.

పేర్లనుగూర్చి యొక హెచ్చరిక. పోర్టుబ్లెయరు పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమను పేరు పెట్టబడినది. మునకలకు ప్రసిద్ధమైన హేవ్‌లాకు ద్వీపమునకు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీపమని పేరు మార్చిరి. టిక్కెట్టులపై ప్రాతపేరులుకూడ కనబడవచ్చును గనుక రెండును తెలిసియుండవలెను. మన రాజమహేంద్రవరపు హేవ్‌లాకు వంతెనకును ఈ ద్వీపమునకును పేరొకటియే యైనను, మనుష్యులు వేఱు. 1900వ సంవత్సరమున తెరవబడిన వంతెన, మద్రాసు గవర్నరైన సర్ ఆర్థర్ హేవ్‌లాకు పేరిటిది. ద్వీపము సైన్యాధిపతియైన సర్ హెన్రీ హేవ్‌లాకు పేరిటిది.

2. నీటి బరువు, గాలి లెక్క

ప్రయాణమునకు ముందు కొంత ప్రకృతిశాస్త్రము నేర్వవలయును. మనపై నెల్లప్పుడు గాలి బరువు పడుచున్నది. దానిని ఒక వాతావరణపీడన మందుము. సముద్రపునీటిలో ప్రతి 10 మీటరుల లోతునకును మఱియొక వాతావరణపీడనము చేరును. అనగా పైన 1, పది మీటరుల లోతున 2, ఇరువది మీటరుల లోతున 3. రాబర్టు బాయిలను శాస్త్రజ్ఞుడు 1662వ సంవత్సరమున ప్రకటించిన సూత్రము ప్రకారము, ఉష్ణము మారనప్పుడు పీడనము రెట్టింపైన గాలియొక్క పరిమాణము సగమగును. పైన 6 లీటరులున్న గాలి పది మీటరుల లోతున 3 లీటరులు, ఇరువది మీటరుల లోతున 2 లీటరులు.

పొడవైన రబ్బరుగొట్టము నోట పెట్టుకొని, దాని కొనను నీటిపై నుంచి లోతున ఊపిరి తీయవచ్చునుగదా యని కొందఱు తలంతురు. అది పొరపాటు. ఒక మీటరు లోతుననే నీరు రొమ్మును ఎంత గట్టిగ నొక్కునన్న, పైనుండి గాలిని లాగుటకు మన కండరముల బలము చాలదు. లోతున నున్న పీడనముతో సమానమైన పీడనముగల గాలిని నోటికి అందించు యంత్రము కావలెను. అట్టి యంత్రమును 1943వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమున జాక్ కూస్తో, ఎమిలు గన్యాను అను నిద్దఱు సిద్ధపఱచిరి. నేటి రెగ్యులేటరు దాని సంతతియే. మనము పీల్చినంతనే అది, ఆ లోతునకు తగిన పీడనముతో గాలినిచ్చును.

ఒక లెక్క చూడుడు. 12 లీటరుల సిలిండరులో 200 రెట్ల పీడనముతో గాలి నింపినచో, అది పైన 2400 లీటరుల గాలి యగును. అందు నాలుగవ వంతు ఆపదకై నిలువ యుంచవలెను. మిగిలినది 1800 లీటరులు. ఒకడు నిమిషమునకు 20 లీటరులు పీల్చునేని, పైన అది 90 నిమిషములు వచ్చును. పది మీటరుల లోతున ప్రతి శ్వాసయందును రెట్టింపు గాలి ఖర్చగును గనుక 45 నిమిషములు. ఇరువది మీటరుల లోతున 30 నిమిషములు మాత్రమే. భయపడి రొప్పువానికి ఇంకను తక్కువ. కావున లోతునకు పోవుట గొప్ప కాదు. పది మీటరులలోపలనే వెలుతురు మెండు, రంగులు మెండు, కాలము మెండు, ఖర్చు తక్కువ.

3. కాలువ నేర్పిన యలవాటును మఱువవలెను

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చితిమి. మన పిల్లవాడు కాలువలో మునుగునపుడు ఊపిరి బిగబట్టును. తూత్తుకుడి ముత్యపుచిప్పల మునకదారులును పూర్వమట్లే చేసిరి. అందు దోషము లేదు. ఏలయన, వాడు పైనుండి తీసికొనిపోయిన 6 లీటరుల గాలి లోతున 3 లీటరులకు నలిగి, పైకి వచ్చునప్పటికి తిరిగి 6 లీటరులే యగును.

స్కూబా మునకలో సంగతి వేఱు. పది మీటరుల లోతున వాడు సిలిండరునుండి ఊపిరితిత్తులనిండ 6 లీటరుల గాలి పీల్చెననుకొందము. అచ్చట నేదో భయము కలిగినది. కాలువ నేర్పిన యలవాటు చొప్పున ఊపిరి బిగబట్టి పైకి తన్నెను. పైకి చేరునప్పటికి ఆ గాలి 12 లీటరులు కాగోరును. తిత్తులలో పట్టునది 6 లీటరులే. అవి చిట్లును, గాలి రక్తములో దూరి మెదడున కెక్కవచ్చును. రెండు మీటరుల లోతునుండి యైనను నిండు ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో ఇట్టి యపాయము కలుగవచ్చును.

కావున ఈతరాని వానికంటె బాగుగ ఈతవచ్చిన గోదావరిబిడ్డకే యీ పాఠ మెక్కువ యవసరము. స్కూబాలో ప్రథమసూత్ర మిది: ఎల్లప్పుడును ఊపిరి తీయుచు విడుచుచు నుండవలెను, ఎన్నడును బిగబట్టరాదు. ఈ యొక్క వాక్యమును ఇంటివద్ద గోడపై వ్రాసి పెట్టుకొనిన యెడల కాగితము వృథా కాదు.

చెవుల సంగతి రెండవది. దిగునపుడు చెవిగూబపై నీరు నొక్కును. ముక్కు మూసికొని మెల్లగ ఊది, లోపలి గాలిని సరిపఱచుకొనుచు దిగవలెను. నొప్పి కలుగువఱకు ఆగరాదు. నొప్పి కలిగిన కొంచెము పైకి పోయి మరల ప్రయత్నింపవలెను. పడిశము పట్టిన దినమున నీట దిగరాదు.

మూడవది నత్రజని. మనము పీల్చు గాలిలో అయిదింట నాలుగు పాళ్లకు దాదాపుగ నత్రజనియే. పీడన మెక్కువైనకొలది అది రక్తమునను కండరములందును కరగును. గోలీసోడా మూత తీయగానే బుడగలు పొంగుట చూచితిరిగదా! మునిగినవాడు దిగ్గున పైకి వచ్చినచో వాని దేహమునను అట్లే బుడగ లేర్పడి కీళ్లనొప్పి, పక్షవాతము కలుగవచ్చును. జాన్ స్కాట్ హాల్డేను 1908వ సంవత్సరమున దీనిని పరిశోధించి, మెల్లగ పైకి వచ్చు పట్టికలను ప్రకటించెను. నిమిషమునకు 9 మీటరులకు మించక ఎక్కి, 5 మీటరుల లోతున 3 నిమిషములు నిలిచి పైకి వచ్చుట మంచి పద్ధతి.

4. కాలము, దారి, ఖర్చు

కాలము: అండమానులలో జనవరి మొదలు ఏప్రిలువఱకు సముద్రము సాధారణముగ శాంతముగ నుండును. నైరుతి ఋతుపవనము ఆ దీవులకు మే మాసపు మూడవవారమున, అనగా మనకంటె ముందుగనే, వచ్చును. కావున వేసవిసెలవులు మొదలైన వెంటనే పోవలెను. మే చివర పోవుట ఖర్చుకు ఖర్చు, నిరాశకు నిరాశ. క్రిస్మసు సెలవులలో జనసమ్మర్దముచే బస వెల హెచ్చు. సంక్రాంతి పిదప పోగలవారికి సముద్రము, వెల రెండును అనుకూలము.

దారి: చెన్నపురి, కలకత్తా, విశాఖపట్టణములనుండి యాత్రికుల యోడలు నడచుచున్నవి. సముద్రముపై రెండున్నర మొదలు మూడు దినములు పట్టును. వరుసమంచముల తరగతి యన్నిటికంటె చౌక. అయితే విశాఖనుండి యోడ ప్రతిదినము బయలుదేరదు. దినములు కొలదికాలము ముందుగా ప్రకటింపబడును, తుపాను వచ్చిన మారును. కావున విమానముపై పోయి యోడపై తిరిగి వచ్చుట యొక మంచి యుపాయము. విమానపు టిక్కెట్టు కొన్ని మాసములు ముందుగ కొనిన చౌక. చెప్పిన దినమున చేరుదుము గనుక శిక్షణకు కట్టిన సొమ్ము పోదు. తిరుగుప్రయాణ మోడపై నైనచో మఱియొక లాభము కలదు. అది ముందు తెలియగలదు. అయితే మఱుసటిదినమున ఉద్యోగములో చేరవలసినవారికి ఓడ తగదు. శ్రీవిజయపురమునుండి స్వరాజ్ ద్వీపమునకు ప్రభుత్వపు పడవలును ప్రయివేటు పడవలును కలవు. ప్రభుత్వపు పడవ కొంచెము మెల్లన, చాల చౌక; టిక్కెట్టు ముందుగ సంపాదింపవలెను.

బస: ఆ ద్వీపమున గ్రామములకు అంకెలతో వ్యవహారము కలదు. 3వ నెంబరు గోవిందనగరమున బజారున్నది. సముద్రపుటొడ్డు హోటళ్లకంటె బజారుకు చేరువనున్న గదులు చౌక. అన్నము, చేపలకూర బజారులోనే దొరకును. నగదు కొంత చేత నుంచుకొనవలెను.

మునక: ఇది రెండు విధములు. మొదటిది పరిచయపు మునక. శిక్షకుడు వెంటనుండి, 12 మీటరులకు మించని లోతున కొంతసేపు త్రిప్పి తెచ్చును. పది సంవత్సరములు నిండినవారు దీనికి అర్హులు. స్వరాజ్ ద్వీపమున తీరమునుండియే దిగగల స్థలములున్నవి గనుక పడవకూలి తప్పును. రెండవది ధ్రువపత్ర శిక్షణ. మూడు నాలుగు దినములు పాఠము, సాధన, సముద్రమున నాలుగు మునకలు. దీనికి 200 మీటరులు ఈదగలిగి, పది నిమిషములు నీటిపై తేలియుండగలుగవలెను. ఉత్తీర్ణులైన పెద్దలు 18 మీటరులవఱకు మునుగవచ్చును. ఇటీవలి సంవత్సరములలో పరిచయపు మునక నాలుగైదు వేల రూపాయల ప్రాంతమునను, ధ్రువపత్ర శిక్షణ ముప్పదివేల ప్రాంతమునను నున్నవి. వెలలు మారుచుండును గనుక ముందుగ వ్రాసి కనుగొనవలెను.

నలుగురున్న కుటుంబమునకు మా సలహా యిది. అన్నము నుడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూతుము. అట్లే ముందుగ విశాఖ ఋషికొండ తీరమున ఒక పరిచయపు మునక చేయుడు. రాజమహేంద్రవరమునుండి విశాఖకు రైలుమార్గము సుమారు 200 కిలోమీటరులే. నీట మునిగి నిబ్బరముగ ఊపిరి తీయగలవా రెవరో, చెవులు తాళలేనివా రెవరో అచ్చట తేలును. అటుపిమ్మట, ఇష్టము నిశ్చయమైనవారికే అండమాను శిక్షణకు సొమ్ము కట్టుడు. తక్కినవారు ముఖమునకు అద్దము, నోట చిన్నగొట్టము పెట్టుకొని పైన తేలుచుండియే పగడములను చూడవచ్చును. దాని ఖర్చు స్వల్పము.

5. ఎచ్చట తగ్గింపరాదు?

ఓడలో తరగతి తగ్గింపుడు, గది తగ్గింపుడు, నీటిలో ఛాయాచిత్రములు మానుకొనుడు. శిక్షకుని విషయమున మాత్రము తగ్గింపకుడు. కొండనాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక పోగొట్టుకొనినట్లు, వేయి రూపాయల తగ్గింపునకై ప్రాణము నొడ్డరాదు. సొమ్ము కట్టుటకు ముందీ ప్రశ్నలు వేయుడు: శిక్షకునికి గుర్తింపుపొందిన సంస్థయొక్క ధ్రువపత్రము కలదా? ఒక్క శిక్షకునికి నీటిలో నెందఱు క్రొత్తవారు? పడవలో ప్రాణవాయువు సిలిండరున్నదా? ఆరోగ్యపత్రము నింపింతురా? సముద్రము బాగుగ లేనిచో సొమ్ము తిరిగి యిత్తురా? ఆరోగ్యపత్ర మక్కరలేదని చెప్పు చోటునుండి లేచి వచ్చుటయే మంచిది. ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు, చెవిజబ్బు గలవారు వైద్యుని యనుమతి లేక దిగరాదు, గర్భిణులు దిగనేరాదు.

నీటిలో మాటలు లేవు, సైగలే భాష. బొటనవ్రేలు పైకి చూపుట మన వీధిలో బాగున్నదని చెప్పుట. నీటిలో పైకి పోవుదమని చెప్పుట. బాగున్నదనుటకు బొటనవ్రేలును చూపుడువ్రేలును సున్నగ కలుపవలెను. శిక్షకుని భాష మనకు తెలియనిచో, ఈ సైగలను ఒడ్డుననే పదిమారులు అభ్యసింపవలెను. తెలియనిది తెలిసినట్లు తలయూపుట తరగతిలో మార్కులు పోగొట్టును. నీటిలో అంతకంటె విలువైనదానిని పోగొట్టును.

6. పైకి వచ్చిన పిమ్మట

మునక ముగిసిన పిమ్మటను దేహమున కొంత నత్రజని మిగిలియుండును. విమానము ఎత్తునకు పోయినపుడు దానిలో గాలిపీడనము తగ్గును. అపుడు బుడగ లేర్పడవచ్చును. కావున ఒక్క మునక చేసినవారు 12 గంటలును, పెక్కు మునకలు చేసినవారు 18 గంటలును గడచువఱకు విమాన మెక్కరాదు. చివరి దినమును పొడినేలపైననే గడుపునట్లు ముందుగనే లెక్క వేసికొనవలెను. ఓడ సముద్రమట్టముననే పోవును గనుక దానికి ఈ నిరీక్షణ లేదు. తిరుగుప్రయాణమున ఓడయందు గల లాభమని పైన చెప్పినది ఇదియే.

ఈ నియమము కొండలకును చెల్లును. ఉదయము ఋషికొండలో మునిగి, ఆ మధ్యాహ్నమే అరకులోయకు బయలుదేరుట మనవారికి సుకరముగ తోచును. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటరుల యెత్తున నున్నది. అట్లు చేయరాదు. ముందు అరకు చూచి వచ్చి, పిమ్మట సముద్రమున దిగుడు. వరుస మార్చిన ఖర్చేమియు లేదు. క్షేమము మాత్రము కలదు.

7. పగడముపట్ల మన ధర్మము

పగడమును ముట్టరాదు, దానిపై నిలువరాదు. వ్రేలెడు కొమ్మ పెరుగుటకు సంవత్సరములు పట్టును. 2010వ సంవత్సరమున సముద్రజలము మితిమీరి వేడెక్కుటచే అండమాను పగడములు విస్తారముగ తెల్లబడి కొన్ని చచ్చిపోయినవి. అట్టి యాపదలలోనున్న జీవికి మన కాలితాపు మఱియొక యాపద కారాదు. తీరమున దొరకిన పగడపు ముక్కనైనను ఇంటికి తేరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున పగడములు రక్షితములు. ఆదివాసుల రక్షితప్రాంతములకు పోవుటయు నేరమే.

మనకు అన్నము పెట్టు ఒండ్రునీటిని నడపుటకు ఆనకట్ట కట్టినవారు, 1847 మొదలు 1852వఱకు సర్ ఆర్థర్ కాటను పర్యవేక్షణమున నీటి బరువును లెక్కించియే కట్టిరి. ఆ నీటిలోనికే స్వయముగ దిగగోరు విద్యార్థియు ముందు లెక్క నేర్చి, పిమ్మట సొమ్ము కూర్చి, ఆ పిమ్మట దిగవలెను.

అభ్యాసము

1. ముప్పది మీటరుల లోతున పీడన మెంత? పైన 6 లీటరులున్న గాలి అచ్చట నెన్ని లీటరులు?
2. 10 లీటరుల సిలిండరులో 200 రెట్ల పీడనముతో గాలియున్నది. నాలుగవ వంతు నిలువయుంచి, నిమిషమునకు 20 లీటరుల చొప్పున పీల్చువాడు పది మీటరుల లోతున నెంతసేపు ఉండగలడు?
3. కాలువలో ఊపిరి బిగబట్టుట యేల క్షేమము? సిలిండరుతో నేల ప్రాణాపాయము?
4. గోదావరి ముఖద్వారమున పగడములు పెరుగమికి కారణము లేవి?
5. మీ కుటుంబమునకు అండమాను యాత్రాపట్టిక వ్రాయుడు. తగ్గింపదగిన ఖర్చులను ఒక వరుసలోను, తగ్గింపరానివానిని మఱియొక వరుసలోను చూపి, తలిదండ్రులచే దిద్దించుకొని రండు.